తూకానికి అమ్మరాని కాగితాలు

గత విద్యాసంవత్సరం ముగిసిన రోజులలో ఒక మధ్యాహ్నం మన కళాశాల వెనుక వరండాలో కాటా పెట్టినారు. పాత కాగితాల వ్యాపారి వచ్చి, ఏడాది పొడుగునా పేరుకొనిన కాగితాలను మూటలు కట్టించి తూయిస్తున్నాడు. ఆ మూటలలో గడువు తీరిన నోటీసులున్నవి, వాడి పారవేసిన చిత్తు కాగితాలున్నవి, వాటితో పాటు వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విద్యార్థుల రికార్డు పుస్తకాలున్నవి. మేము తరగతి ముగించుకొని అటుగా వెళుతూ, పైనున్న ఒక పుస్తకాన్ని తీసి తెరచినాము. మందారపువ్వు నిలువుకోత బొమ్మ. పెన్సిలు గీత ఎక్కడా తడబడలేదు. కేసరాల గొట్టం పొడుగునా పుప్పొడి తిత్తులు ఒక్కొక్కటిగా లెక్క తప్పకుండా దిద్దినట్లున్నవి. భాగాల పేర్లు పాఠ్యనియమం ప్రకారం ఇంగ్లీషులో ఉన్నవి. కాని పుట అంచున, ఎవరూ అడగకపోయినా, ఆ విద్యార్థిని చిన్న అక్షరాలతో తెలుగులో మందారం అనీ, ఉర్దూలో గుడ్‌హల్ అనీ వ్రాసుకొనినది.

మేము ఆ పుస్తకాన్ని మూసి, తీసిన చోటనే పెట్టి వెళ్ళినాము. ఆ సంగతి ఇక్కడ దాచవలసిన పని లేదు. మార్కులు వేయడం పూర్తయినది, గడువు తీరినది, బీరువాలో చోటు లేదు. అమ్మకానికి అడ్డు చెప్పడానికి మా చేతిలో ఏ నియమమూ లేదు. నియమం లేనప్పుడు మనసు చెప్పిన మాట వినే అలవాటు మాకు అంతగా లేదు.

రెండు వారాల తర్వాత ఆ విద్యార్థిని టి.సి. కోసం వచ్చి, “సార్, నా రికార్డు ఇస్తారా? ఇంట్లో అమ్మీకి చూపిస్తాను” అని అడిగినది. అది తూకానికి పోయినదని చెప్పినాము. ఆమె ఒక్క క్షణం ఊరకుండి, “పరవాలేదు సార్” అని వెళ్ళిపోయినది. ఆ మాట మమ్ములను ఇంకా వెంటాడుతూనే ఉన్నది. ఈ వ్యాసం ఆ మాటకు ఆలస్యంగా దొరికిన సమాధానం.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఒక విద్యాలయంలో విద్యార్థులు నేర్చుకొనుచు గీసిన గీతలు ఆ విద్యాలయపు ఆస్తి. పూర్తి అయిన చిత్రం ప్రదర్శనకు పోతుంది, కొన్నవాని గోడకు పోతుంది, బహుమతిగా మరొకరి ఇంటికి పోతుంది. నేర్చుకొనునప్పటి కాగితమే విద్యాలయంలో మిగులుతుంది. దానిని దాచుకొనిన విద్యాలయానికి చరిత్ర ఉంటుంది. అమ్ముకొనిన విద్యాలయానికి హాజరు పట్టీ మాత్రం ఉంటుంది. మన కళాశాల చిత్రకళాశాల కాదు కదా అని అనవచ్చును. చిత్రకళాశాలలు తమ కాగితాలను ఎట్లు కాపాడుకొనినవో, ఎట్లు పోగొట్టుకొనినవో కొంచెం చూచిన తర్వాత ఆ ప్రశ్నకు వద్దాము.

గీసిన కాగితం ఎంత పని చేయగలదో మన తెలుగుదేశంలోనే నిదర్శనం ఉన్నది. అమరావతి మహాస్తూపపు పాలరాతి పలకలను 18వ శతాబ్ది చివరలో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారి కాలంలో కట్టడాల కొరకు త్రవ్వి తీయసాగినారు. కొన్ని పలకలు గోడలలో చేరినవి, కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి 1797లో ఆ చోటు చూచినాడు. 1816లో సిబ్బందితో తిరిగి వచ్చి, మిగిలిన పలకలకు బొమ్మలు గీయించినాడు. ఆ గీతల సంపుటి నేడు లండను బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. కొన్ని పలకలు ఈనాడు ఎక్కడా లేవు, వాటి గీతలు మాత్రమే ఉన్నవి. రాయి పోయి కాగితం నిలిచినదంటే నమ్మడం కష్టం, కాని జరిగినది అదే.

ఈ మెకంజీ మనకు కూడ పరాయివాడు కాడు. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన మండలాలలో మన అనంతపురం సీమ ఒకటి. ఆ దత్త మండలాల సర్వేను నడిపించినది ఆయనే. మన గ్రామాల కైఫీయతులను వ్రాయించినదీ ఆయన క్రింద పని చేసిన తెలుగు ఉద్యోగులే. ఆ పనిలో ముందు నిలిచిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల పేర్లు చరిత్ర విద్యార్థులు తప్పక తెలుసుకొనవలసినవి. మన సీమను గురించి మొదట కాగితం పెట్టి కూర్చున్నది పరదేశపు ప్రభువు, చేతులు మాత్రం మనవారివి. కాగితాన్ని దాచుకొనిన భాగ్యం కూడ మనకు ఉండి ఉంటే ఎంత బాగుండేది!

కాగితాన్ని దాచినంత మాత్రాన సరిపోదనే పాఠం అజంతా నేర్పినది. 1844లో కంపెనీవారు మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ అనే అధికారిని అజంతా గోడ చిత్రాలకు ప్రతులు వ్రాయడానికి నియమించినారు. ఆయన ఏండ్ల తరబడి అక్కడనే ఉండి వ్రాసిన పటాలను లండనుకు పంపగా, అవి క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉండి 1866 అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ బూడిద అయినవి. ఆ తర్వాత బొంబాయి సర్ జె.జె. కళాశాల ఆచార్యుడు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులను వెంటబెట్టుకొని 1872 నుండి 1885 వరకు ఆ పని మళ్ళీ చేయించినాడు. ఆ పటాలు కూడ లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంకు చేరినవి. 1885లో అక్కడ నిప్పు రేగి నూరింటికి పైగా పటాలు చెడిపోయినవి, నశించినవి. ఒకే పని రెండుసార్లు జరిగినది, రెండుసార్లూ ఆ ఫలం ఒకే ఊరిలో నిప్పు పాలయినది.

ఈ కథలో మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన ఒక ఘట్టం ఉన్నది. అజంతా ఆనాడు నిజాము రాజ్యంలో ఉండేది. 1909 మొదలు 1911 వరకు లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి శీతకాలాలలో వచ్చి ప్రతులు వ్రాయించినప్పుడు, కలకత్తా నుండి నందలాల్ బోసు మొదలైన యువకులు వచ్చినారు. హైదరాబాదు నుండి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజలుద్దీన్ అనే ఇద్దరు చిత్రకారులు వచ్చినారు. ఆ ప్రతులు 1915లో గ్రంథరూపంలో వెలువడినవి. హైదరాబాదు రాజ్యంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యజ్దానీగారి అధ్వర్యంలో అజంతా సంరక్షణ ఆరంభమైన తర్వాత, సయ్యద్ అహ్మద్‌గారు ఆ గుహలకు క్యూరేటరుగా పని చేసినారు. ఆయన వ్రాసిన ప్రతులు నేటికీ హైదరాబాదు రాష్ట్ర పురావస్తు మ్యూజియంలోని అజంతా విభాగంలో కనిపిస్తవి. బుద్ధుని ముఖాన్ని, బోధిసత్త్వుని చేతి తామరను ఒక ముసల్మాను చిత్రకారుడు దివ్వె వెలుగులో గీత వెంబడి గీతగా తన కాగితం మీదకు దింపుకొనినాడు. తన మతం తనకు ఉన్నది, తన పని తనకు ఉన్నది. ఆ రెంటికీ తగవు రాలేదు.

ఇప్పుడు మన అసలు ఉదాహరణకు, అనగా ఒక తెలుగు చిత్రకళాశాలకు వద్దాము. దామెర్ల రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించినారు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలునిలోని ప్రజ్ఞను గుర్తించినాడు. కూల్డ్రే చిత్రకళాశాలలో ఉపాధ్యాయుడు కాడు, సాధారణ కళాశాలకు అధిపతి. అయినను ఆయన చుట్టూ చేరిన శిష్యులలో రామారావుగారు, అడివి బాపిరాజుగారు, కవికొండల వెంకటరావుగారు ఉండిరి. చిత్రకళ లేని కళాశాలలో ఒక ప్రిన్సిపాలు కన్ను తెరచి ఉంచినందువలన ఆంధ్రదేశానికి ఒక చిత్రకారుడు దొరికినాడన్న సంగతిని మన కార్యవర్గ సభ్యులు గమనింప ప్రార్థన.

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావుగారు 1916లో బొంబాయి సర్ జె.జె. కళాశాలలో చేరినారు. అజంతాకు విద్యార్థులను పంపిన కళాశాల అదియే. చదువు ముగించుకొని వచ్చి, 1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగుని కథను చిత్రించిన పటానికి బహుమానం పొందినారు. రాజమహేంద్రవరంలోనే చిత్రకళాశాలను నెలకొల్పి, మిత్రులను, శిష్యులను చేరదీసి, తెలుగువారికి తమదైన ఒక చిత్రరీతిని కల్పింపబూనినారు. ఆ పని వేరూనుకొనక ముందే, 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి ఆయనను తీసికొనిపోయినది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

ఇటువంటి మరణం తర్వాత సాధారణంగా ఏమి జరుగుతుందో మనకు తెలియనిది కాదు. నాలుగు సంతాప సభలు జరుగుతవి. మంచి పటాలను బంధువులు, అభిమానులు పంచుకొనిపోతారు. మిగిలిన కాగితాలు అటక ఎక్కుతవి, అటక మీద నుండి చెదలకు చేరుతవి. రాజమహేంద్రవరంలో అట్లు జరుగలేదు. ఆయన మిత్రుడు, స్వయంగా చిత్రకారుడు అయిన వరదా వెంకటరత్నంగారు కళాశాల బాధ్యతను తలకెత్తుకొనినారు. రామారావుగారి సతీమణి సత్యవాణిగారు కూడ చిత్రకారిణియే. వీరందరి పట్టుదలతో పటాలు చెదరిపోకుండా ఒక చోట నిలిచి, దామెర్ల రామారావు స్మారక చిత్రశాల, చిత్రకళాశాల అయినవి. గోదావరి గట్టున ఆ చిత్రశాల నేటికీ ఉన్నది.

ఆ సంచయంలో తైలవర్ణ చిత్రాలున్నవి, నీటిరంగుల చిత్రాలున్నవి. అందరూ వాటి ముందు నిలిచి చూస్తారు, అది సహజమే. కాని మా దృష్టిలో ఆ చిత్రశాల ప్రాణం వాటి ప్రక్కన భద్రపరచిన రేఖాచిత్రాలలోను, గీతల పుస్తకాలలోను ఉన్నది. పూర్తి అయిన పటం చిత్రకారుని నిర్ణయాన్ని చూపుతుంది. గీతల పుస్తకం అతని సందేహాన్ని చూపుతుంది. చేయి ఎక్కడ ఆగినది, ఒకే భుజాన్ని ఎన్నిసార్లు దిద్దినాడు, ఏది వద్దనుకొని విడిచినాడు అనేవి పటంలో కనబడవు, కాగితంలో కనబడుతవి. విద్యార్థికి నేర్పేది సందేహమే. మహాచిత్రం ముందు నిలిచిన పిల్లవాడు “ఇది నా వల్ల కాదు” అనుకొంటాడు. అదే చిత్రకారుడు మూడుసార్లు తప్పుగా గీసిన చేతిని చూచినవాడు “నేను కూడ నాలుగవసారి గీస్తాను” అనుకొంటాడు. ఒక చిత్రశాలను, ఒక చిత్రకళాశాలను ఒకే కప్పు క్రింద ఉంచినవారికి ఈ రహస్యం తెలిసియే ఉండవలె.

ఇంకొక సంగతి. అక్కడ ఒక్క రామారావుగారి పటాలే లేవు. వెంకటరత్నంగారివి, ఆ ఒరవడిలో నడచిన ఇతరులవి కూడ ఉన్నవి. ఒక్కని కాగితాలు కలసి ఉంటే అది జీవితచరిత్ర అవుతుంది. గురువువి, మిత్రునివి, శిష్యునివి కలసి ఉంటే అది ఒక బడి చరిత్ర అవుతుంది. ఒకరి గీత మరొకరి చేతిలోనికి ఎట్లు ప్రవహించినదో అప్పుడే తెలుస్తుంది.

రేఖాచిత్రాలను గురించి చెప్పి ముద్రాచిత్రాలను గురించి చెప్పకపోతే మాట సగమే అవుతుంది. లోహపు రేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోట రేకు తినివేయబడుతుంది. ఆ గాటులలో సిరా నింపి కాగితం మీద ఒత్తితే చిత్రం వస్తుంది. దీనిని ఎచింగు అంటారు. తెలుగువారిలో ఈ విద్యలో అగ్రగణ్యులు కె. లక్ష్మాగౌడుగారు. 1940లో మెదకు ప్రాంతపు నిజాంపూరులో పుట్టి, హైదరాబాదు ప్రభుత్వ కళాశాలలో చదివి, 1963 తర్వాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద విద్య గడించినారు. ఆ పెద్ద పెద్ద విద్యాస్థానాలలో చదివి ఆయన రేకు మీదకు తెచ్చినదేమిటి? తన ఊరి మేకలు, తన ఊరి రాళ్ళు, పాగా చుట్టిన పల్లెజనం, ముళ్ళచెట్లు. మన గుత్తి కొండ క్రింద నిలిచి చూస్తే కనబడేది దాదాపు అదే దృశ్యం. ఎండిన నేలలో చిత్రానికి వస్తువు లేదనువారికి ఆయన ముద్రలే జవాబు.

ముద్రాచిత్రానికి మరొక సుగుణం ఉన్నది. ఒకే రేకు నుండి పలు ప్రతులు వస్తవి. ఒకటి కొన్నవానికి ఇచ్చి, ఒకటి తాను ఉంచుకొని, ఒకటి బడికి ఇచ్చినా చిత్రకారునికి లోటు లేదు. ఒకే ఊరిలో రెండుసార్లు కాలిపోయిన అజంతా ప్రతుల కథ తెలిసినవారికి, ఒకటికి మించిన చోట్ల కాగితం ఉండడంలోని క్షేమం వేరే చెప్పనక్కరలేదు.

అచ్చు విద్య మనకు క్రొత్త కూడ కాదు. కలంకారీ అనే మాటను చూడండి. కలం పారశీకం నుండి వచ్చినది, కారీ అనగా పని. కాళహస్తిలో కలంతో గీసి పురాణగాథలు వ్రాస్తారు. మచిలీపట్నం ప్రాంతంలో చెక్క అచ్చులతో పూలతీగెలు అద్దుతారు. గోలకొండ సుల్తానుల కాలంలో ఆ బట్టలు ఓడలెక్కి పారశీకానికి పోయినవి. గుడికి కట్టే తెరకు, దర్బారులో పరచే దుప్పటికి పేరు ఒకటే, నేల ఒకటే. తెలుగు చేతికి పారశీక నామం పెట్టుకొని నాలుగు శతాబ్దాలుగా మన మధ్య బ్రతుకుతున్న ఈ విద్యను చూచిన తర్వాత, చిత్రకళ ఫలానా వారిది, ఫలానా వారిది కాదు అని పంచిపెట్టడం మాకు చేతకాదు. మన పామిడి కూడ బట్టల వర్తకంతో బ్రతికే ఊరు. ఏ ఇంటి అటక మీదనైనా పాత అద్దకపు అచ్చు ఒకటి దొరికితే, దాని ముద్రను ఒక తెల్లకాగితం మీద తీసుకొనడం ఏ విద్యార్థికి అసాధ్యం?

ఇక్కడ మనవారి మనస్సులలో ఉన్న ఒక సంకోచాన్ని తప్పించుకొని పోవడం న్యాయం కాదు. ప్రాణుల రూపాలు గీయడం పట్ల మన పెద్దలలో పలువురికి అభ్యంతరం ఉన్నది. దాని మీద తీర్పు చెప్పడానికి మేము ఆలిములం కాము. ఆ అభ్యంతరాన్ని గౌరవిస్తూనే రెండు మాటలు మనవి చేస్తాము. మొదటిది, మన రికార్డు పుస్తకాలలో అధికభాగం ఆకులు, పూలు, వేళ్ళు, గింజలు. వాటి పట్ల ఎవరికీ ఆక్షేపణ లేదు. గోరింటాకు పెట్టుకొనడానికి మన ఆడపిల్లలు నోటుపుస్తకం చివరి పుటలలో గీసుకొనే తీగెల అల్లికలున్నవి. వాటిలోని సమతను చూచి గణితశాస్త్ర అధ్యాపకులు కూడ ఆశ్చర్యపడినారు. వాటినీ మనం పారవేస్తూనే ఉన్నాము.

రెండవది మరింత ముఖ్యమైనది. కాగితాన్ని దాచుకొనే మర్యాద మనకు పరాయి బడి నేర్పనక్కరలేదు. అది ఉర్దూ, ఫారసీ ఖుష్‌ఖతీ సంప్రదాయంలోనే ఉన్నది. అక్షరకళ నేర్చువాడు ఒకే అక్షరాన్ని, ఒకే వంపును కాగితం నల్లబడే వరకు వ్రాసేవాడు. దానికి మష్ఖ్ అని పేరు. కాగితమంతా నిండి తెలుపు కనబడనప్పుడు అది సియాహ్ మష్ఖ్ అయినది. దానికి అర్థం లేదు, వాక్యం లేదు, ఉన్నదంతా చేతి శ్రమ. అయినను రసజ్ఞులు ఆ అభ్యాసపత్రాలను వెదకి, అంచులకు బంగారుపూత పెట్టి, మురక్ఖా అనే సంపుటాలలో అతికి దాచుకొనినారు. ఒక ఉస్తాదు పూర్తి చేసిన ఖితా ఎంత విలువైనదో, అతడు తెల్లవారుజామున చేయి సాగడానికి గీసిన మష్ఖ్ కూడ అంత విలువైనదని వారు ఎరుగుదురు. రాజమహేంద్రవరంలో రేఖాచిత్రాల పుస్తకాలను దాచినవారు, మురక్ఖాలు కూర్చినవారు ఒకే సత్యాన్ని వేర్వేరు భాషలలో చెప్పినారు.

ఆ రెండు భాషలు ఒకే కప్పు క్రింద మెలగిన సందర్భం కూడ ఈ కథలోనే ఉన్నది. కూల్డ్రే శిష్యుడైన అడివి బాపిరాజుగారు మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ వద్ద చిత్రకళ అభ్యసించి, ఆ కళాశాలకే ప్రిన్సిపాలయినారు. తర్వాత 1940ల నాటికి హైదరాబాదుకు వచ్చి మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులయినారు. ఆ మీజాన్ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషలలోను వెలువడేది. మీజాన్ అనగా త్రాసు. ఒక చిత్రకారుడు ఆ పేరు గల పత్రికలో కూర్చుని తెలుగు వ్రాసినాడు. మన వెనుక వరండాలోని కాటా మాకు ఆ పేరునే గుర్తు చేసి సిగ్గుపరచినది.

కార్యవర్గంవారికి కలుగగల సందేహాలు మాకు తెలియనివి కావు. మొదట ఖర్చు. మేము అడుగుతున్నది చిత్రశాల భవనం కాదు. ఒక ఇనుప బీరువా, ఒక రిజిస్టరు, కొన్ని దళసరి అట్టలు, ఇంతే. రెండవది చోటు. ప్రతి సంవత్సరం అన్నింటినీ దాచమని కోరడం లేదు. ఏడాదికి ఇరవై కాగితాలు చాలును. పదేండ్లకు రెండు వందలు. ఒక బీరువాలో రెండు అరలు నిండవు. మూడవది, ఈ రోజులలో అందరి చేతిలోను ఫోను ఉన్నది కదా, ఫొటో తీసి ఉంచుకొంటే చాలదా అని. తీసి ఉంచుకొనండి, అది రెండవ చోట ఉన్న ప్రతి అవుతుంది, మంచిదే. కాని ఫోను మారినప్పుడు ఎన్ని ఫొటోలు మనతో వచ్చినవో ఎవరికి వారు తలచుకొనండి. రబ్బరుతో తుడిచిన చోట కాగితం ఎట్లు నలిగినదో, పెన్సిలు ఎంత ఒత్తిడితో దిగినదో ఫొటోలో తెలియదు. చేతి వ్రేలు కాగితానికి ఇచ్చిన సాక్ష్యం కాగితంలోనే ఉంటుంది.

కరువు సీమలో పుట్టినందుకు మనకు దొరికిన ఒక వరం కూడ చెప్పవలె. మన జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పైరుకు ఇది శాపం. కాగితానికి మాత్రం పొడిగాలి మేలు. నదీతీరాలలో, సముద్రతీరాలలో కాగితాన్ని తినే బూజు బెడద మనకు తక్కువ. మనకున్న శత్రువులు ధూళి, చెద, ఎండ. బీరువాను గోడకు ఆనించక నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టడం, నేలకు తగలకుండా ఇటుకల మీద నిలపడం, ఎండ పడని గదిలో ఉంచడం చాలును. గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని కొరుకుతవి, కాబట్టి తీసివేయవలె. జిగురు టేపు కొన్నేండ్లకు పసుపుపచ్చని మరక విడిచిపోతుంది, కాబట్టి అతికింపరాదు. కాగితాన్ని మడవక, చుట్టక, పరచి ఉంచవలె. ఇంత మాత్రం జాగ్రత్త మన ఇండ్లలో ఆడవారు పెండ్లి చీరకు తీసుకొంటూనే ఉన్నారు.

రిజిస్టరును గురించి ఒక్క విన్నపం. పేరు, తరగతి, సంవత్సరం, గీసిన వస్తువు, గీసిన చోటు, ఈ అయిదూ ప్రతి కాగితానికి వ్రాయవలె. వస్తువు పేరు తెలుగులోను, ఉర్దూలోను ఉండవలె. మందారం అని ఒకచోట, గుడ్‌హల్ అని ఒకచోట. పది సంవత్సరాలు గడిస్తే అదే మన రెండు భాషల చిన్న నిఘంటువు అవుతుంది. ఎన్నిక చేయునప్పుడు చక్కనివే ఏరుకొనరాదు. ఒకే విద్యార్థి మొదటి సంవత్సరం గీసిన వంకర ఆకును, మూడవ సంవత్సరం గీసిన నిండు ఆకును కలిపి దాచవలె. ఆ రెంటి మధ్య దూరమే మన అధ్యాపకుల పని. తనిఖీ బృందాలు వచ్చి మీరేమి నేర్పినారని అడిగినప్పుడు, పట్టికల కంటె ఆ రెండు కాగితాలు బాగా సమాధానం చెప్పగలవు.

విద్యార్థులకు కూడ ఒక పని ఉన్నది. మన పెన్నానది ఏడాదిలో అధికభాగం ఇసుకగా ఉంటుంది. ఇసుకకు కూడ గాలి దిద్దిన గీతలున్నవి. ఒడ్డున భోగేశ్వరాలయం ఉన్నది, ఊరిలో మన మసీదు ఉన్నది. గుత్తి కోట బురుజులున్నవి. 2022లో జిల్లా విడిపోయి లేపాక్షి ఇప్పుడు ప్రక్క జిల్లాకు చేరినది గాని, అక్కడి కప్పు మీది విజయనగర కాలపు చిత్రాలు మనకు దూరం కాలేదు. సెలవులలో ఒక పెన్సిలు, ఒక పుస్తకం తీసుకొని ఎక్కడనైనా ఒక గంట కూర్చొనండి. చూచినదానిని గీసిన తర్వాతనే చూచినట్లు అవుతుంది. బాగా రాకపోతే చించివేయకండి. తేదీ వేసి ఉంచండి.

రామారావుగారు పోయిననాడు వెంకటరత్నంగారికి ప్రభుత్వ ఉత్తరువు లేదు, నియమావళి లేదు. మిత్రుని కాగితాలు తన పూచీ అని ఆయనకు తోచినది. తోచినంత పని చేసినారు. మా చేతిలో ఆ మందారపువ్వు ఉన్ననాడు మాకు కూడ తోచినది, కాని చేయలేదు. ఇద్దరికీ ఉన్న అంతరం ఇంతే. ఆ పుస్తకం ఏ మిల్లులో గుజ్జు అయి, ఏ అట్టపెట్టె అయినదో తిరిగి తెచ్చేవారు లేరు.

“పరవాలేదు” అని మనం దినానికి పదిసార్లు అంటాము. ఆ మాటలోని పర్వా ఉర్దూ మాట. చింత, లక్ష్యం అని దాని అర్థం. లేదు అనేది తెలుగు మాట. మన రెండు భాషలు కలసి పుట్టించిన మాటలలో అంత సౌమ్యమైనది మరొకటి లేదు. కాని ఒక విద్యార్థిని తన మూడు సంవత్సరాల శ్రమను గురించి ఆ మాట అనవలసి వచ్చినప్పుడు, ఆ సౌమ్యత మనకు చెంపపెట్టు. ఈ సంవత్సరాంతంలో వెనుక వరండాలో కాటా మళ్ళీ పెడతారు. అంతకు ముందే బీరువా తాళం ఎవరి వద్ద ఉండవలెనో కార్యవర్గంవారు నిర్ణయింప ప్రార్థన. ఇంకెవరూ ముందుకు రాకపోతే ఆ తాళం మా వద్ద ఉంచుకొనడానికి మేము సిద్ధంగా ఉన్నాము.